బొమ్మ గోడకెక్కే ముందు

మన ఇళ్ళలో రోగాల పేర్లు చెప్పుకోవడానికి ఎవరికీ మొహమాటం లేదు. చక్కెర వ్యాధి ఉన్న పెద్దమనిషి పెళ్ళిబంతిలో కూర్చుని, "నాకు 280 అండీ, బూరె వెయ్యకండి" అని పదిమందికీ వినబడేటట్టు చెబుతాడు. మోకాళ్ళ నొప్పులు, రక్తపుపోటు, గుండెకు వేసిన స్టెంటు, ఇవన్నీ మనకు సాయంకాలపు కబుర్లే. కాని రెండు జబ్బుల విషయంలో మాత్రం మన భాషకు మాటలు కరువైనట్టు ప్రవర్తిస్తాము. మనసుకు జబ్బు చేస్తే, "అదోలా ఉంటున్నాడు" అంటాము. తాగుడు జబ్బును, "కాస్త అలవాటుంది" అంటాము. ఆసుపత్రిలో చేర్పించవలసి వస్తే, ఇరుగుపొరుగుల దగ్గర, "కంపెనీ పనిమీద బెంగుళూరు వెళ్ళాడండీ" అంటాము. అడిగినవారికీ సంగతి తెలుసు, చెప్పినవారికీ తెలుసు. అయినా ఆ బెంగుళూరు ప్రయాణం నెలా రెండు నెలలూ అలా సాగుతూనే ఉంటుంది.

ఈ మాట ఎందుకు ఎత్తవలసి వచ్చిందంటే, మన సంఘంలోని పిల్లలు కొందరు ఈమధ్య ఒక ప్రశ్న వేశారు. మనోవ్యాధితోనూ, తాగుడుతోనూ, మత్తుమందులతోనూ బాధపడినవారు, బాగుపడినవారు, వారితో కాపురం చేసినవారు వేసిన బొమ్మలన్నీ కూర్చి ఒక ప్రదర్శన పెడితే ఎలా ఉంటుందని. విన్న పెద్దల్లో ఒకరు, "పెళ్ళికావలసిన పిల్లలున్న ఇళ్ళు నాయనా, మనకెందుకొచ్చిన గోల?" అన్నారు. మరొకరు దయామయులు. "పెట్టండర్రా, పాపం. చూసినవాళ్ళు జాలిపడి నాలుగు డబ్బులు వేస్తారు" అన్నారు. ఈ ఇద్దరి మాటల్లోనూ మొదటిదానికంటె రెండవదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. భయం కనబడుతుంది కనుక దానికి సమాధానం చెప్పవచ్చును. జాలి మంచి బట్టలు కట్టుకొని వస్తుంది. దాన్ని ఆపడం కష్టం.

ముందు ఇది ఎంతమంది గొడవో చూద్దాము. 2015–16లో మన దేశంలో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని తేల్చింది. వారిలో చాలామందికి చికిత్స అందడం లేదనికూడా చెప్పింది. 2019లో కేంద్రప్రభుత్వం వెలువరించిన నివేదిక ప్రకారం 10 ఏళ్ళు మొదలు 75 ఏళ్ళవరకు ఉన్నవారిలో మద్యం తాగేవారు నూటికి 14.6 మంది, అంటే సుమారు 16 కోట్లు. వారిలో 5 కోట్ల 70 లక్షలమందికి అది ముదిరి, ఒకరి సహాయం కావలసిన స్థితికి వచ్చింది. లెక్కలు ఎవరి ఇంటి గుమ్మంమీదా పేరు రాసి పెట్టవు. కాని నూరుమంది పెద్దవాళ్ళు కూర్చున్న బంతిలో పదిమంది ఇటువంటివారు ఉంటారన్నప్పుడు, "మనకెందుకొచ్చిన గోల" అనడానికి వీలున్నదా? ఆ గోల ఇదివరకే విస్తరి ముందు కూర్చుని ఉన్నది.

మనోవ్యాధిని, తాగుడును ఒకే గోడమీద పెట్టడం సబబేనా అని ఒక అనుమానం రావచ్చును. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యంవల్ల, మత్తుపదార్థాలవల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక రుగ్మత అన్న నిర్వచనంలోనే చేర్చింది. చట్టం సంగతి అలా ఉంచండి. నిద్రపట్టని మనసు సీసాను వెతుక్కుంటుంది. సీసా మనసును మరింత కుంగదీస్తుంది. ఏది ముందో ఏది వెనకో ఇంట్లోవాళ్ళకే తెలియదు. రెండింటినీ విడదీసి, ఒకటి రోగమనీ రెండవది కొవ్వనీ తీర్పు చెప్పేది చూసేవాళ్ళే.

మన చెన్నపట్నానికి ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉన్నది. ఇక్కడి పిచ్చాసుపత్రిని 1794లో వేలెంటైన్ కానలీ అనే కుంఫిణీ వైద్యుడు ప్రారంభించాడు. 1871లో అది కీల్పాక్ తోటలోకి వచ్చింది. ఈనాడు మానసిక ఆరోగ్య సంస్థ అని దాని పేరు. కాని పట్నంలో ఎవరినైనా వెక్కిరించాలంటే, "వీణ్ణి కీల్పాక్ పంపించాలి" అనడం మాత్రం మారలేదు. హైదరాబాదులో ఇదే పని ఎర్రగడ్డ పేరు చేస్తుంది. వైద్యం దొరికే చోటు పేరు తిట్టు అయిన ఊళ్ళో, వైద్యానికి వెళ్ళేందుకు ఎవరికి కాళ్ళు ఆడతాయి? మన పేటకు ఆనుకొని ఉన్న స్టాన్లీ ఆసుపత్రి చరిత్ర వేరు. 1782లో కరువు బాధితులకు గంజి పోసిన సత్రం నుంచి పెరిగిన ఆసుపత్రి గనుక దాన్ని పాతకాలంవాళ్ళు గంజితొట్టి ఆసుపత్రి అనేవారు. ఆకలితో వచ్చినవాణ్ణి ఎవరూ వెక్కిరించలేదు కాబట్టి ఆ పేరు తిట్టు కాలేదు. ఇప్పుడు అక్కడ మనోవ్యాధులకూ విభాగం ఉన్నది.

కీల్పాక్ ఆసుపత్రికి 1961 నుంచి 1978 దాకా సూపరింటెండెంటుగా ఉన్న డాక్టరు శారదా మేనన్ మన దేశపు తొలి మహిళా మనోవైద్యురాలని పేరు పొందారు. పదవీవిరమణ తరువాత కూడా ఊరుకోక, 1984లో స్కార్ఫ్ అనే స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థను నెలకొల్పారు. 2021లో, 98వ ఏట కన్నుమూశారు. 1993లో ఇద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్, వీధులపాలైన మనోవ్యాధి పీడిత స్త్రీలకోసం బన్యన్ సంస్థను పెట్టారు. తాగుడు సంగతికి వస్తే, భర్తను ఆ వ్యసనానికి పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో ఆయన పేరనే టి.టి. రంగనాథన్ పరిశోధనా కేంద్రాన్ని స్థాపించారు. ఇంట్లో జరిగినదాన్ని దాచుకొని ఏడ్చే బదులు పదిమందికి ఉపకరించేటట్టు చేసిన ఇల్లాలు ఆమె. కాబట్టి మన పిల్లలు అడిగినది ఈ ఊరికి కొత్త కాదు. ఈ ఊరివాళ్ళు మొదలుపెట్టిన పనిలో ఒక చిన్న భాగం.

ఇక ప్రదర్శన సంగతి. చూపించడం అన్నంతమాత్రాన మంచి జరిగిపోతుందనుకోకూడదు. లండన్‌లోని బెత్లెం పిచ్చాసుపత్రికి 18వ శతాబ్దంలో జనం సెలవురోజున సరదాగా వెళ్ళి, గదుల్లో ఉన్న రోగులను చూసి నవ్వుకొని వచ్చేవారు. అలా ఎవరు పడితే వారు వచ్చి చూడటాన్ని 1770లో గాని కట్టడి చెయ్యలేదు. అదికూడా ఒక ప్రదర్శనే గదా!

దీనికంటె ఘోరమైన కథ జర్మనీది. హైడెల్‌బర్గ్ ఆసుపత్రిలో హాన్స్ ప్రిన్‌జ్‌హోర్న్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన కళాచరిత్ర కూడా చదువుకున్నవాడు. మొదటి ప్రపంచయుద్ధం అయినవెంటనే రకరకాల ఆసుపత్రులకు ఉత్తరాలు రాసి, రోగులు వేసిన బొమ్మలను తెప్పించాడు. దాదాపు 450 మంది చేతుల్లోనుంచి సుమారు 5,000 బొమ్మలు పోగయినాయి. వాటిమీద 1922లో ఆయన రాసిన పుస్తకం చూసి యూరపులోని చిత్రకారులు ముగ్ధులయినారు. ఇందులో కళ ఉన్నది, చూడండి అన్నాడు ఆయన. పదహారేళ్ళు తిరగకుండానే, 1938లో, హిట్లరు ప్రభుత్వం అదే సేకరణలోనుంచి కొన్ని బొమ్మలు తీసుకుపోయి, 'భ్రష్ట కళ' అనే తమ ఊరేగింపు ప్రదర్శనలో గోడకు తగిలించింది. ఈ పిచ్చివాళ్ళ గీతలకూ, మన కొత్త చిత్రకారుల గీతలకూ తేడా ఏమున్నది, చూసి అసహ్యించుకోండి అని దాని భావం. బొమ్మల్లో ఒక్క గీత మారలేదు. గోడమీద రాసిన రాత మారింది. వాటిని వేసినవారిలో ఫ్రాన్జ్ కార్ల్ బ్యూలర్ అనే ఆయన మంచి ఇనుపపని కళాకారుడు. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో తన పనితనం చూపినవాడు. ఆయనను 1940లో, మరి వేలాది రోగులతోపాటు, ఆ ప్రభుత్వమే గ్రాఫెనెక్ అనే చోట చంపించింది. పిల్లలు ప్రదర్శన అనగానే నాకు ముందుగా ఈ కథ జ్ఞాపకం వచ్చింది. బొమ్మ నిర్దోషి. దాన్ని ఎవరు, ఎందుకు, ఏ మాటలు రాసి తగిలిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

మంచి ఉదాహరణలూ లేకపోలేదు. బ్రెజిల్ దేశంలో నీజి ద సిల్వైరా అనే డాక్టరమ్మ, రోగులకు కరెంటు షాకులు ఇవ్వను పొమ్మన్నది. అందుకని ఆమెను ఎవరూ పట్టించుకోని చేతిపనుల విభాగానికి తోశారు. ఆమె అక్కడే 1946లో రోగులచేత బొమ్మలు వేయించే గది తెరిచింది. 1952లో ఆ బొమ్మలతోనే రియోలో ఒక మ్యూజియం పెట్టింది. సరిగా అదే 1946లో ఇంగ్లండులోని నెథర్న్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ ఆడమ్‌సన్ అనే చిత్రకారుడు ఇటువంటి గదిలోనే పనికి కుదిరాడు. 1981 వరకు ఆయన చేసినదల్లా ఏమిటి? బల్ల, కాగితం, రంగులు అమర్చి, పక్కన ఉండటం. ఇలా వెయ్యి, అలా దిద్దు అని పాఠం చెప్పలేదు. మన ఇళ్ళలో ఈ 'పక్కన ఉండటం' అన్నది ఎంత అరుదో ఆలోచించండి. సలహా ఇవ్వకుండా పది నిమిషాలు కూర్చోగల బంధువు ఎంతమందికి ఉన్నాడు?

మన ఊరి మనిషి ఒకడున్నాడు. కె. రామానుజం. ఇక్కడి కళాశాలలో కె.సి.ఎస్. పణికర్ గారి శిష్యుడు. 1966లో ఇంజంబాక్కంలో ఏర్పడిన చోళమండలం కళాకారుల గ్రామంలో తోటి చిత్రకారుల మధ్య ఉండేవాడు. మనోవ్యాధితో బాధపడుతూనే, నల్లసిరాతో సందులేకుండా గీతలు గీసి, ఈ లోకంలో లేని మేడలు, పాములు, ఎగిరే జంతువులు వేసేవాడు. ఆ మేడల మధ్య టోపీ పెట్టుకొన్న మనిషి ఒకడు కనబడతాడు, అతడు రామానుజమే. ఈ లోకంలో దొరకని చోటును కాగితంమీద కట్టుకున్నాడు కాబోలు. ముప్పయి నిండి రెండు మూడేళ్ళు కాకుండానే 1973లో ప్రాణం తీసుకున్నాడు. ఎలా అన్నది మనకు అవసరం లేదు. ఈనాడు అతని బొమ్మలను గొప్పగా భద్రపరుస్తున్నారు. అతని బొమ్మ ఎదుట నిలబడి, "పాపం, పిచ్చివాడు ఎంత బాగా వేశాడో!" అన్నవాడు బొమ్మను చూడలేదు. బొమ్మను ముందు చూసి, తరువాత మనిషిని తెలుసుకొని, ఇటువంటివాడు బ్రతికి ఉండటానికి మనం ఏమి చేసి ఉండవలసింది అని అనుకున్నవాడు చూశాడు.

తాగుడు విషయంలో మన బొమ్మలు మరీ విచిత్రమైనవి. 1953లో వేదాంతం రాఘవయ్యగారు తీసిన 'దేవదాసు' చూసి ఏడవని తెలుగు కుటుంబం ఉన్నదా? తెరమీద నాగేశ్వరరావుగారు సీసా పట్టుకొని దగ్గుతూ ఉంటే రుమాళ్ళు తడిసిపోయినాయి. హాలు బయట మెట్లమీద పడి ఉన్న తాగుబోతును మాత్రం కాలితో పక్కకు నెట్టి ఇంటికి పోయినాము. అందులో పార్వతి వేషం వేసిన సావిత్రిగారు ఈ ఊళ్ళోనే బ్రతికారు, ఈ ఊళ్ళోనే నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి, 1981 డిసెంబరు 26న పోయారు. మద్యం ఆమెను కుంగదీసిన సంగతి లోకమెరిగినదే. 2018లో ఆమె జీవితం సినిమాగా వచ్చేవరకు ఆ సంగతి మన నోట్లో వినోదంగానే నానింది. తాగే మొగవాడు తెరమీద ఐతే త్యాగమూర్తి, హాస్యగాడు. తాగే ఆడది ఐతే కథలపాలు. ఇవీ ఇన్నాళ్ళూ మనం చూసిన ప్రదర్శనలు.

దీనికి ఎదురుగా మన నెల్లూరు ఉన్నది. 1990 తరువాత ఆ జిల్లాలో జరిగిన అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్ళు రాత్రిబడులకు వచ్చారు. వారి వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. సారాయివల్ల గుల్లయిన కాపురం, ఆడవాళ్ళు కలిసి కొట్టు మూయించడం, అంతే కథ. అది చదివి, ఇది మా ఇంటి సంగతే అనుకున్నారు దూబగుంట స్త్రీలు. 1992లో వర్ధినేని రోశమ్మ మొదలైనవారు సారాయి కొట్టు ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధమయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఇక్కడి సంగతి తెలిసిందే. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం 1971లో ఎత్తివేశారు. మధ్యలో మళ్ళీ పెట్టారు, తీశారు. 2003 చివరినుంచి చిల్లర కొట్లు కూడా సర్కారువారివే. చట్టాలు వస్తూ పోతూ ఉంటాయి. నేను చెప్పదలచినది వేరు. ఎవరి కష్టమో వారే తమ కష్టాన్ని ఎదురుగా చూసుకున్నప్పుడు జాలి పుట్టలేదు, బలం పుట్టింది. మన ప్రదర్శన ఆ పాఠంవంటిది కావాలి.

అయితే ఎలా పెట్టాలి? పిల్లలు అడిగారు గనుక నాకు తోచినవి చెబుతాను.

మొదటిది, బొమ్మలు ఎంచేవారు ఎవరన్నది. ఒక డాక్టరు, ఒక చిత్రకారుడు, ఒక సంఘాధ్యక్షుడు కూర్చుని ఎంచితే అది వారి ప్రదర్శన అవుతుంది. ఎంచేవారిలో జబ్బుపడి లేచినవారు ఒకరిద్దరు, తాగుడు మానినవారు ఒకరు, అటువంటి ఇంట్లో ఏళ్ళతరబడి దీపం ఆర్పకుండా కాచుకొన్న ఇల్లాలు ఒకరు ఉండితీరాలి. వారిని పేరుకు కూర్చోబెట్టడం కాదు; ఈ బొమ్మ వద్దు అని వారంటే ఆ మాట చెల్లాలి.

రెండవది, సమ్మతి. 2017 చట్టంలోని 24వ సెక్షను ప్రకారం, ఆసుపత్రిలో చికిత్సలో ఉన్నవారి ఫొటోగాని వివరాలుగాని వారి సమ్మతి లేకుండా పత్రికలకు ఇవ్వకూడదు. మనం ఇంకొక మెట్టు పైకి వెళ్ళాలి. బొమ్మ తీసుకునేటప్పుడు అడగాలి, గోడకు పెట్టే ముందు అడగాలి, తలుపులు తీసేరోజు ఉదయం మళ్ళీ అడగాలి. ఆఖరు గడియలో వద్దన్నా చిరునవ్వుతో దించి ఇవ్వాలి. "మేం ఒప్పుకున్నాం లెండి" అని అన్నగారో నాన్నగారో అంటే అది సమ్మతి కాదు. ఆ మనిషి ఈవేళ తేల్చుకునే స్థితిలో లేకపోతే, ప్రదర్శనే ఆగాలి గాని ఆ సంతకం మనం పెట్టకూడదు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. తాగుడు మానిన ఒకాయన, ఆ రోజుల్లో తాను భార్యపై చేయి చేసుకున్న రాత్రిని బొమ్మగా వేశాడనుకోండి. బొమ్మ ఆయనది, పశ్చాత్తాపం ఆయనది. దెబ్బ మాత్రం ఆమెది. ఆమెను కూడా అడగకుండా అది గోడకెక్కరాదు.

మూడవది, పేరు. పేరు పెట్టుకోవాలన్నవారికి పూర్తిగా పెట్టాలి, వద్దన్నవారికి వద్దు. అజ్ఞాత మద్యపుల సంఘం 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతుల మాటామంతీతో పుట్టింది. మన పట్నంలో కూడా దాని కూటములు జరుగుతున్నాయి. వారి నియమాల్లో ఒకటి, పత్రికల్లో సభ్యుల పేర్లు బయటపెట్టకపోవడం. మన ఉత్సాహంలో ఆ నియమాన్ని చెరపకూడదు.

నాలుగవది, గోడమీద రాత. "పదేళ్ళుగా మతి చలించిన అభాగ్యుడు వేసిన చిత్రం" అని రాస్తే మనం బెత్లెం ఆసుపత్రికి టిక్కెట్టు అమ్మినట్టే. "సాయంకాలం, మింటు వీధి; నీటిరంగులు" అని ముందు బొమ్మ పేరు రాయండి. తరువాత వేసినవారి పేరు. ఆపైన వారు చెప్పదలిస్తే వారి మాటల్లోనే రెండు వాక్యాలు. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది వారి ఇష్టం. రాత తెలుగులోనూ, అరవంలోనూ, ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించే పిల్లలు ఇద్దరు నిలబడాలి. చుట్టుపక్కల వీధుల వాళ్ళు రాకుండా మన నాలుగు కుటుంబాలే చూసుకొనేటట్టయితే అది ప్రదర్శన కాదు, పేరంటం.

అయిదవది, ఏమి పెట్టకూడదన్నది. మానడానికి రోజూ పోరాడుతున్నవాడికి నిండు గ్లాసు బొమ్మ, సూది బొమ్మ ఎదురయితే ఆ కోరిక మళ్ళీ లేవవచ్చును. ప్రాణం తీసుకొనే పద్ధతులు చూపే బొమ్మ, కుంగిన మనసుకు దారి చూపినట్టవుతుంది. ఇవి కళకు కళ్ళెం వెయ్యడం కాదు. అటువంటి బొమ్మ ఏదైనా ఉంటే వేరే గదిలో, ముందుగా హెచ్చరిక రాసి పెట్టవచ్చును, మానవచ్చును. దాన్ని ఎంచే బృందమే తేల్చుకోవాలి.

ఆరవది, హాలు. సంఘాల హాళ్ళు సామాన్యంగా మేడమీద ఉంటాయి. చక్రాల కుర్చీవారికి, మందులవల్ల కాళ్ళు తూలేవారికి అది ఆమడదూరం. కింది అంతస్తు చూడండి. కూర్చోవడానికి కుర్చీలు, గోల లేని ఒక చిన్న గది, మంచినీళ్ళు, మాట్లాడటానికి తెలిసినవారు ఒకరు ఉండాలి. మైకులో పాటలు వద్దు. ఫొటోలు తీయరాదని గుమ్మంలోనే రాయండి.

ఏడవది, ప్రారంభోత్సవం. ఇక్కడే నాకు భయం. మన వాళ్ళకు శాలువాలు, జ్ఞాపికలు, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి ప్రసంగం, విశిష్ట అతిథి ప్రసంగం, వందన సమర్పణ లేకపోతే తోచదు. ఇవన్నీ పూర్తయ్యేసరికి బొమ్మలు వేసినవాళ్ళు తలుపు పక్కన నిలబడి నిలబడి ఇంటికి పోతారు. రిబ్బను వాళ్ళచేతనే కత్తిరించండి. ఉపన్యాసాలు లేకపోయినా ఎవరికీ జబ్బు చెయ్యదు.

ఎనిమిదవది, డబ్బు. బొమ్మ వేసినవారిదే బొమ్మ, హక్కులు వారివే. అమ్ముడుపోతే సొమ్ము వారిది, సంఘం నిధిది కాదు. అందరి బొమ్మలకూ ఒకే తీరు ఫ్రేము కట్టించాలి. మరునాడు వాటిని మూటగట్టి మూలపడెయ్యకుండా జాగ్రత్తగా ఎవరివి వారికి చేర్చాలి. ఇంగ్లీషులో ఇటువంటి పని చేసేవారిని క్యూరేటరు అంటారు. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి కాపాడటం అని అర్థం. బొమ్మను కాపాడటం ఒక వంతు, వేసినవారిని కాపాడటం మూడు వంతులు.

ఇంత చేసినా ప్రదర్శన ఎవరికీ జబ్బు నయం చెయ్యదు. మందుల పని మందులదే, డాక్టరు పని డాక్టరుదే. బొమ్మలు వేస్తే మాత్రలు మానవచ్చునని ఎవరైనా అనుకుంటే పెద్ద ప్రమాదం. ప్రదర్శన చెయ్యగలిగినదల్లా, "బెంగుళూరు వెళ్ళాడండీ" అన్న మాట అవసరాన్ని కాస్త తగ్గించడం.

ఇప్పుడు పెళ్ళికావలసిన పిల్లల సంగతి. ఆ పెద్దమనిషి భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. ఇంట్లో ఒకరికి మనోవ్యాధి అని తెలిస్తే సంబంధాలు వెనక్కిపోవడం మనం చూడనిది కాదు. కాని దాచి చేసిన పెళ్ళిళ్ళు ఏమవుతున్నాయో కూడా చూస్తున్నాము. మూడోనెలలో కోడలికి మాత్రల డబ్బా దొరుకుతుంది, ఆ పిల్ల మోసపోయానంటుంది, ఆ అబ్బాయి మాత్రలు మానేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. దాపరికం ఇంకా ముదిరితే ఎక్కడికి పోతుందో 2001 ఆగస్టు 6న తెలిసింది. రామనాథపురం జిల్లా ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసి ఉంచిన 28 మంది మనోవ్యాధిగ్రస్తులు, పాకకు నిప్పంటుకుంటే లేచి పరుగెత్తడానికి వీలులేక కాలిపోయారు. వారందరూ ఏదో ఒక ఇంటివాళ్ళే. ఏదో ఒక ఇంట్లో వారి గురించి కూడా, ఊళ్ళో లేడండీ అని చెప్పుకున్నవాళ్ళు ఉండే ఉంటారు.

మన పెద్దలు ఈ చోటును చాకలిపేట అన్నారు. కుంఫిణీవారి బట్టలను ఉతికి, చలవచేసి, ఎండలో ఆరవేసిన చోటు ఇది. మరక ఉన్న గుడ్డను మడతపెట్టి పెట్టె అడుగున దాస్తే మరక పోదు, గుడ్డ చివుకుతుంది. ఈ సంగతి ఈ పేటకు ఒకరు చెప్పాలా? పైగా ఈ జబ్బులు మరకలు కూడా కావు. మరకలని మనం అనుకున్నాము, అంతే.

ప్రపంచమంతా ప్రతి ఏడూ అక్టోబరు 10ని మానసిక ఆరోగ్య దినంగా జరుపుకుంటున్నది. ఆ రోజుకు ఒక చిన్న గోడమీద పన్నెండు బొమ్మలు చాలు. ఎక్కువ అక్కరలేదు. మన చదువరులలో బొమ్మ వేసినవారుగాని, వేసినవారి ఇంటివారుగాని ఉంటే, పేరు రాసి అయినా రాయకుండా అయినా సంపాదకులకు ఒక ఉత్తరం రాయండి; వచ్చినవి భద్రంగా ఉంటాయి. బొమ్మ కాదు, ముందు ఒక మనిషితో మాట్లాడాలి అనుకున్నవారికి కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరు నుంచి నడుపుతున్న టెలి మానస్ ఉన్నది. నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చును. మత్తు మానదలచినవారికి 14446. ఈ రెండు నంబర్లూ వంటింటి క్యాలెండరు మీద, పాలవాడి లెక్క పక్కన రాసి పెట్టుకోండి. ఎవరికోసం అని ఇంట్లో ఎవరైనా అడిగితే, మనకోసమే అని చెప్పండి.